‘ద డర్టీ సౌత్’ (2004): చంద్రుడి మీదికి మనుషులను పంపిన ఊరికి పక్క ఊరి పాటలు

పాతరికార్డులు:

అమెరికాలోని అలబామా రాష్ట్రపు వాయవ్య మూలన, టెనెసీ నది ఒడ్డున, ఫ్లోరెన్స్, షెఫీల్డ్, టస్కంబియా, మజిల్ షోల్స్ అనే నాలుగు చిన్న పట్టణాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నాయి. డ్రైవ్-బై ట్రక్కర్స్ బృందం 2004 ఆగస్టులో విడుదల చేసిన ‘ద డర్టీ సౌత్’ ఆల్బమ్‌లో మనకు ఎదురయ్యే మనుషులలో చాలామంది ఆ చుట్టుపక్కల వారే. కర్మాగారం మూతపడి వీధిన పడ్డవాడు, అడవిలో దొంగసారా కాచేవాడు, యుద్ధం చూసి వచ్చి దాని గురించి నోరు విప్పని పెద్దాయన, సుడిగాలికి భర్తను పోగొట్టుకున్న ఇల్లాలు, కొడుకును పందెపు కారులో కూర్చోబెట్టి తన కల తీర్చుకోవాలనుకునే తండ్రి, వీరందరూ 14 పాటలలో, దాదాపు 70 నిమిషాలలో వరుసగా వచ్చి తమ కథ తామే చెప్పుకొని వెళ్లిపోతారు.

దీనిని ఆల్టర్నేటివ్ కంట్రీ అనే శాఖలో చేరుస్తారు. నాష్‌విల్ రికార్డు కంపెనీల నునుపైన కంట్రీ (అమెరికా పల్లెల బాణీ) పాటలు నచ్చని కుర్రకారు, పాత పల్లెపాటల కథనాన్ని, రాక్ గిటార్ల మోతను కలిపి పాడుకున్న సంగీతమిది. ఇల్లినాయి రాష్ట్రంలోని బెల్‌విల్ అనే ఊరి యువకులు అంకుల్ టుపెలో పేరుతో 1990లో తెచ్చిన ‘నో డిప్రెషన్’ ఆల్బమ్‌ను ఈ శాఖకు మొదటి మైలురాయిగా చెప్పుకుంటారు. 1995లో మొదలైన ఒక పత్రిక ఆ పేరునే పెట్టుకుంది.

ఈ ఆల్బమ్‌ను నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పేదవాడి మీద జాలిపడే పాటలు లోకంలో చాలా ఉన్నాయి. ఇందులో మాత్రం పేదవాడిని ఎవరూ పక్కన నిలబడి చూడరు, అతడే మాట్లాడతాడు. అతడు తప్పు చేస్తే ఆ తప్పు కూడా అతడి నోటనే వింటాము. దీని గురించి తెలుగులో నిదానంగా మాట్లాడుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విన్నవారు దయచేసి మీ అభిప్రాయాలు రాయండి.

తీగలపందిరి:

చర్చ మొదలుపెట్టినందుకు కృతజ్ఞతలు, పాతరికార్డులు గారూ. శాఖ పేరు విషయంలో నాకు చిన్న అభ్యంతరం ఉంది. మూడు ఎలక్ట్రిక్ గిటార్లు ఒకేసారి మోగే ఈ బృందాన్ని సదరన్ రాక్ (అమెరికా దక్షిణాది రాక్) అనేవారే ఎక్కువ. పాట నిర్మాణం మాత్రం కంట్రీదే. కథ చెప్పడం, ఊరిపేరూ మనిషిపేరూ పెట్టి చెప్పడం, ఒక పల్లవిని ప్రతి చరణం తరువాత కొత్త అర్థంతో తిరిగి తీసుకురావడం, ఇవన్నీ ఆ ఇంటి అలవాట్లే.

వాయిద్యాల గురించి కొంచెం చెబుతాను. ప్యాటర్సన్ హుడ్, మైక్ కూలీ, జేసన్ ఇస్బెల్ ముగ్గురూ గిటారు వాయిస్తారు, ముగ్గురూ పాటలు రాస్తారు, ఎవరి పాట వారే పాడతారు. బేస్ షోనా టకర్, డ్రమ్స్ బ్రాడ్ మోర్గాన్. నిర్మాత డేవిడ్ బార్బీ. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియోలో రికార్డు చేశారు. రిక్ హాల్ నడిపిన ఆ స్టూడియోకు 1960లలో విల్సన్ పికెట్, అరీతా ఫ్రాంక్లిన్ వంటివారు వచ్చి పాడారు. అక్కడ బేస్ వాయించిన డేవిడ్ హుడ్, తోటి వాద్యకారులతో కలిసి 1969లో బయటికి వచ్చి షెఫీల్డ్‌లో సొంత స్టూడియో పెట్టుకున్నారు. ప్యాటర్సన్ హుడ్ ఆయన కుమారుడే. పక్కనున్న గ్రీన్ హిల్ అనే పల్లెలో పెరిగిన ఇస్బెల్ వయసు ఈ ఆల్బమ్ వచ్చేనాటికి 25 సంవత్సరాలు. కనుక వీరు ఊరిని చూసివచ్చి రాసినవారు కారు, ఆ ఊళ్లోనే పెరిగి రాసినవారు.

విన్నప్పుడు ఒక విషయం గమనించండి. మైక్ కూలీ గొంతు దాదాపు మామూలు మాటలాగే ఉంటుంది, రాగం కోసం ఎక్కడా సాగదీయడు. హుడ్ గొంతు పగులుతుంది. మొదటి పాటలో మోడు మీద పేకముక్కలు పరుచుకొని అడవిలో జూదమాడే తండ్రిని గురించి కూలీ పాడుతున్నప్పుడు, మన పల్లెల్లో అరుగు మీద కూర్చొని పాత సంగతి చెప్పే మనిషి తాపీతనం అందులో నాకు వినిపిస్తుంది. ఆ పాటకు ఆధారం కూలీ బంధువు ఒకరు రాసిన కవిత.

మూడోషిఫ్టు:

నేను ఈ ఆల్బమ్‌లో నాలుగో పాట దగ్గరే ఆగిపోయినవాడిని. ‘పుటిన్ పీపుల్ ఆన్ ద మూన్’ అనే ఆ పాట హుడ్ రాసినది. విననివారి కోసం కథ చెబుతాను. మజిల్ షోల్స్ కుర్రవాడు ఒకడు, మేరీ ఆలిస్ అనే అమ్మాయి. బిడ్డ పుడతాడు, అచ్చం తండ్రి పోలిక. ఒక సోమవారంనాడు పెళ్లి చేసుకుంటారు, ఆనాటి నుంచి అతడు ఫోర్డ్ కర్మాగారంలో పనికి పోతూనే ఉంటాడు. తరువాత ఆ కర్మాగారం మూసేస్తామంటారు. అతడు నంబర్లాట చీటీలు తిప్పుతాడు, మత్తుమందు అమ్ముతాడు. భార్య మొదట్లో ఎందుకని అడిగేది, తరువాత అడగడం మానేస్తుంది. కొన్నేళ్లకు ఆమెకు క్యాన్సర్ వస్తుంది. పదేళ్లుగా ఉద్యోగం లేదు కనుక బీమా లేదు, బీమా లేదు కనుక కీమోథెరపీ లేదు. చివరికి అతడు వాల్‌మార్ట్‌లో పనిచేస్తూ ఉంటాడు, మేరీ ఆలిస్ మట్టిలో ఉంటుంది. ఈ బతుకంతా నడుస్తున్నప్పుడు, తూర్పున వంద కిలోమీటర్లకు పైచిలుకు దూరంలోని హంట్స్‌విల్‌లో చంద్రుడి మీదికి మనుషులను పంపుతున్నారన్నది పల్లవి.

మా నాన్నగారు జనపనార మిల్లులో పనిచేశారు. మిల్లు పేరూ ఊరి పేరూ ఇక్కడ అక్కరలేదు. లాకౌట్ నోటీసు గేటుకు అంటించిన తరువాత కూడా దాదాపు నెలరోజులు మా అమ్మ తెల్లవారుజామున లేచి కేరేజీ కట్టింది, ఆయన దానిని సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకొని గేటు దాకా వెళ్లి అక్కడ చెట్టు కింద మిగతావారితో కూర్చొని తిని తిరిగి వచ్చేవారు. ఇంట్లోనే తినవచ్చు కదా అని నేను అడిగితే, హాజరు వేసుకోవాలిరా అన్నారు. హాజరు పుస్తకం అప్పటికి లేదు. పి.ఎఫ్. డబ్బు కోసం ఆయన ఎన్ని ఏళ్లు తిరిగారో చెబితే ఈ చర్చ పక్కదారి పడుతుంది. మజిల్ షోల్స్ ఉన్న కోల్బర్ట్ కౌంటీలో తాను చచ్చిపోతే సాయంత్రం వార్తల్లో చెబుతారా అని ఆ పాటలోని మనిషి అడిగిన చోట, నాకు ఆ సైకిలు గుర్తుకు వచ్చింది.

హంట్స్‌విల్ తెలుగు:

నేను ఆ ‘పక్క ఊళ్లో’ పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా ఊళ్లో తెలుగువారు చాలామందే ఉన్నాము, ఎక్కువమంది ఇంజనీర్లము. ఈ పాటను మొదటిసారి విన్నప్పుడు నాకు కొంత నొప్పి కలిగిందని దాచకుండా చెబుతున్నాను.

1960లో ఇక్కడ మార్షల్ అంతరిక్ష కేంద్రం ఏర్పడింది. చంద్రుడి మీదికి మనుషులను మోసుకుపోయిన శాటర్న్-5 రాకెట్‌ను ఇక్కడే రూపొందించారు. మా అబ్బాయి బడిలో అయిదో తరగతి పిల్లలందరినీ ఆ రాకెట్ దగ్గరకు తీసుకువెళ్లి నిలబెడతారు; మనుషులు ఇంత పని చేయగలరా అని ప్రతి పిల్లవాడూ తలెత్తి చూస్తాడు. ఆ పని చేసిన వేలమంది కూడా జీతానికి పనిచేసిన మామూలు మనుషులే. అదీగాక పాటలో కాలం కలగలిసిపోయింది. మనిషి చంద్రుడి మీదికి వెళ్లింది 1969 నుంచి 1972 వరకు. కర్మాగారం మూతపడే కథ 1980లలో అధ్యక్షుడిగా ఉన్న రీగన్ కాలానిది. టెనెసీ నది మీద ఆనకట్టలు కట్టి కరెంటు ఇచ్చే ప్రభుత్వ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీ (టి.వి.ఎ.) మూతపడబోతోందని పాట అంటుంది, అది నేటికీ నడుస్తోంది. నాసా కూడా మూసేశారని ఒక చరణంలో ఉంది, అదీ జరగలేదు.

అయినా ఈ తప్పులను హుడ్ తెలియక చేశాడని నేను అనుకోను. పనిపోయిన మనిషికి పక్క ఊరి సంగతి ఎలా వినిపిస్తుందో అలాగే రాశాడు. దూరం నుంచి చూసేవాడికి 1969, 1985 ఒకటే. వెలుగంతా అటువైపు, చీకటంతా తన వైపు. ఇక్కడి నుంచి నేను కారులో పడమరకు బయలుదేరితే గంటన్నరలో అక్కడ ఉంటాను, కానీ ఆ గంటన్నర ప్రయాణం నేను పదకొండేళ్లలో మూడుసార్లే చేశాను. నాకు నొప్పి కలిగించింది పాటలోని తప్పులు కాదు, ఈ లెక్క.

పాతరికార్డులు:

హంట్స్‌విల్ తెలుగు గారూ, మీరు రాసిన చివరి పేరా ఈ ఆల్బమ్ మీద నేను చదివిన ఏ సమీక్ష కన్నా నాకు ఎక్కువ చెప్పింది.

ఒకటి మాత్రం కలుపుతాను. ఆ పాట చివరన, టీవీలో బోధకుడు నీకు ఇంకా సమయం మించిపోలేదని చెబుతుంటే, ఈయన ఖరీదైన కారులో తిరుగుతూ ఉంటాడు కదా అని ఆ మనిషి అనుకుంటాడు. దొంగ వ్యాపారం చేసిన రోజులే నయం, ఇంటిల్లిపాదికీ తిండీ బట్టా పెట్టి భార్యతో గడపడానికి తీరిక కూడా ఉండేదని అంటాడు. అంటే మర్యాదైన ఉద్యోగంలోకి వచ్చాక అతడు మునుపటి కన్నా పేదవాడయ్యాడు. ఇంత చేదు నిజాన్ని మామూలు మాటలలో పెట్టడం చాలా కష్టమైన పని.

కోర్టుమెట్లు:

అందరూ మెచ్చుకుంటున్న చోట అడ్డుపడుతున్నందుకు మన్నించండి. ఇరవై మూడేళ్లుగా న్యాయస్థానాలలో తిరుగుతున్నవాడిని. మీరందరూ రాసినది చదివి రెండు రాత్రులు ఆల్బమ్ మొత్తం విన్నాను. మధ్యలో వరుసగా మూడు పాటలున్నాయి: ‘ద బాయ్స్ ఫ్రమ్ అలబామా’, ‘కాటన్‌సీడ్’, ‘ద బుఫర్డ్ స్టిక్’. మూడూ దొంగసారా, జూదం, హత్యల మీద బతికిన ముఠాల వైపు నుంచి చెప్పినవే. మూడోది బుఫర్డ్ పస్సర్ అనే అధికారి మీద ఉన్నది. 1964 నుంచి 1970 వరకు టెనెసీలోని మెక్‌నైరీ కౌంటీకి (జిల్లా వంటిది) పోలీసు అధిపతి అయిన షెరీఫ్‌గా ఉండి, చేతిలో దుడ్డుకర్రతో ముఠాల మీద పడినవాడిగా ఆయనకు పేరుంది, ఆయన మీద 1973లో సినిమా కూడా వచ్చింది. పాట మాత్రం ఆయనను తమ నోటి కూడు లాగేసినవాడిగా చూపిస్తుంది.

పేదరికం నేరానికి కారణం కావచ్చు, నేను కాదనను. నా కక్షిదారులలో అటువంటివారు ఎందరో. కానీ ముఠా చేతిలో దెబ్బతినేది ఎవరు? అదే ఊరి పేదవారే. చంపినవాడి గొంతుకు ఒక మంచి రాగం ఇస్తే, చనిపోయినవాడి ఇల్లాలి గొంతు ఎక్కడ వినిపిస్తుంది? సామాన్యుల కష్టాల ఆల్బమ్ అని మీరు అంటున్నదానిలో సామాన్యులను పీడించినవారికి ఇంత చోటు ఎందుకు?

తీగలపందిరి:

కోర్టుమెట్లు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది కనుక దానికి నిలబడే జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

‘కాటన్‌సీడ్’ మళ్లీ ఒకసారి వినండి. కూలీ ఒక్క గిటారుతో, మిగతా మోత అంతా ఆపేసి పాడతాడు. తన చేతిలో ఎందరు పోయారో చెప్పే ఆ మనిషిలో పశ్చాత్తాపం లేదు, గొప్ప కూడా లేదు. జమాఖర్చు చదివినట్లుగా చెబుతాడు. వింటున్నవారికి ఒళ్లు జలదరించాలి, జలదరిస్తుంది. అతడిని మెచ్చుకోవాలనుకుంటే మూడు గిటార్లూ అక్కడే మోగించి ఉండేవారు.

ఇక ‘ద బుఫర్డ్ స్టిక్’. ఒక అధికారి కథను సినిమా ఒకవైపు నుంచి చెప్పింది. ఆ కథలో పేరులేకుండా దెబ్బలు తిన్నవాళ్లు ఏమనుకొని ఉంటారో పాట చెప్పింది. రెండూ వాంగ్మూలాలే. తీర్పు ఇవ్వడం వినేవారి పని అని హుడ్ అనుకున్నట్లున్నాడు, నా మట్టుకు నాకు అది సరైన పనిగానే తోస్తుంది. అయితే చనిపోయినవాడి ఇల్లాలి గొంతు ఈ మూడు పాటలలో లేదన్న మీ మాట నిజం. మొత్తం 14 పాటలనూ ముగ్గురు మగవాళ్లే రాశారు, మగవాళ్లే పాడారు. మేరీ ఆలిస్ ఏమనుకున్నదో మనకు ఎప్పటికీ తెలియదు. ఆల్బమ్‌లోని పెద్ద లోపం అదే అని నేను ఒప్పుకుంటాను. ‘టొర్నేడోస్’ పాటలో ఒక స్త్రీ మాట వినిపిస్తుంది. వాన చూడడం ఇష్టమైన భార్యాభర్తలు కిటికీ దగ్గర ఉంటారు, సుడిగాలి భర్తను కిటికీలోంచి లాక్కుపోతుంది, అది రైలు చప్పుడులా ఉండినదన్న ఒక్క విషయమే ఆమెకు గుర్తుంటుంది. అది నాలుగు పాదాలే, అంతలో ముగుస్తుంది.

కృష్ణాతీరం:

ఆల్బమ్‌లో మొదట చోటు దొరకని పాట ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ చెప్పలేదు. ఇస్బెల్ రాసిన ‘టి.వి.ఎ.’. 2009లో వేరే సంకలనంలో వచ్చింది, 2023లో ఈ ఆల్బమ్‌ను బృందం మొదట అనుకున్న రూపంలో ‘ద కంప్లీట్ డర్టీ సౌత్’ పేరుతో మళ్లీ విడుదల చేసినప్పుడు అసలు స్థానంలోకి చేరింది.

పాటలోని మనిషి చిన్నప్పుడు తండ్రితో కలిసి విల్సన్ ఆనకట్ట దగ్గర చేపలు పట్టేవాడు. చివరి చరణంలో తాతగారి చిన్నతనం వస్తుంది. కౌలుకు దున్నుకునే కుటుంబం, పని లేదు, ఏడుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు, అందరూ ఒక గుడారంలో. ముత్తవ్వ కూర్చొని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు ఉత్తరం రాస్తుంది. కొన్నాళ్లకు ప్రభుత్వపు మనుషులు కారులో పొలానికి వచ్చి, ముత్తాతను నాగలి వదిలి రమ్మంటారు. దక్షిణాదికి కరెంటు ఇచ్చిన ఆనకట్ట కట్టడంలో ఆయన చేయి కూడా పడుతుంది. 1933లో ఏర్పడిన టెనెసీ వ్యాలీ అథారిటీకి ఆ కుటుంబం చెప్పుకున్న కృతజ్ఞత ఆ పాట.

మా తాతగారి ఊరు శ్రీశైలం జలాశయం కింద ఉంది. 1981 ప్రాంతంలో ఖాళీ చేయించారు. వేసవిలో నీరు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు మా పెద్దవాళ్లు అటు వెళ్లి, ఒండ్రులో ఇక్కడ మన దొడ్డి, ఇక్కడ చింతచెట్టు అని కాలితో గీతలు గీసి మాకు చూపించేవారు. ఆ గీతల మధ్య పెరిగినవాడికి ఆనకట్టకు దండం పెట్టే పాట మింగుడుపడదు. టెనెసీలో మాత్రం అందరికీ మంచే జరిగిందా? ఒక్క నారిస్ ఆనకట్ట కోసమే దాదాపు 2,900 కుటుంబాలను లేపి పంపించారు. ఇస్బెల్ ముత్తాతకు పని దొరికింది, ఇంకొకరి ముత్తాతకు ఊరు పోయింది. అయినా ఈ పాటను నేను వింటూనే ఉంటాను, ఎందుకంటే ఆ ఉత్తరం నన్ను వదలదు. మా అవ్వకు చదువు వచ్చి ఉంటే ఆమె కూడా రాసి ఉండేది. రాస్తే ఎవరైనా కారులో వచ్చి ఉండేవారా అన్నది నాకు నిద్రపట్టని రాత్రుల ప్రశ్న.

కొత్తశ్రోత:

ఇంగ్లీషు పాటలు నాకు అంతగా పరిచయం లేదు, యాస అసలు అర్థం కాదు. మీ చర్చ చదివాక వినాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాతరికార్డులు:

‘ద సాండ్స్ ఆఫ్ ఇవో జిమా’తో మొదలుపెట్టండి, సాహిత్యం ఎదురుగా పెట్టుకొని వినండి. హుడ్ తన చిన్నతాతగారి గురించి రాసిన పాట. 1945లో ఇవో జిమా ద్వీపం మీద జరిగిన ఘోర యుద్ధంలో ఉండి వచ్చిన రైతు ఆయన. కొత్త కారు కొనే స్తోమత ఉన్నా కొత్తది ఇంట్లోవాళ్లకు ఇచ్చి, ఎవరూ వద్దన్న పాతది తాను నడుపుకునేవాడు. పిల్లవాడైన హుడ్, జాన్ వేన్ నటించిన 1949 నాటి యుద్ధ సినిమా చూసి, అక్కడ నిజంగా అలాగే ఉండినదా అని అడుగుతాడు. పెద్దాయన చిన్నగా నవ్వి, ఆ ఇసుకలో తనకు జాన్ వేన్ ఎక్కడా కనబడలేదంటాడు. యాస అర్థం కాకపోయినా ఆ గొంతులోని మర్యాద మీకు అందుతుంది.

కోర్టుమెట్లు:

తీగలపందిరి గారి జవాబు చదివి ‘కాటన్‌సీడ్’ మళ్లీ విన్నాను. నా అభ్యంతరం సగం నిలబడే ఉంది, సగం వెనక్కి తీసుకుంటున్నాను. అది మెచ్చుకోలు కాదన్నది ఒప్పుకుంటాను.

నన్ను నిజంగా పట్టుకున్నది వేరే పాట, ‘కార్ల్ పెర్కిన్స్ క్యాడిలాక్’. ఫ్లోరెన్స్‌లో పుట్టి మెంఫిస్‌లో సన్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ నడిపిన శామ్ ఫిలిప్స్, ముందుగా పెద్ద అమ్మకం సాధించినవాడికి క్యాడిలాక్ కారు ఇస్తానన్న మాట మీద నడిచే పాట. 1956లో గాయకుడు కార్ల్ పెర్కిన్స్‌కు ఆ కారు దక్కింది. పెర్కిన్స్ కౌలు రైతుల బిడ్డ, చిన్నప్పుడు పత్తి ఏరినవాడు. ఆ కారు ఖరీదును అతడికి రావలసిన రాయల్టీలోనే పట్టుకున్నారన్న సంగతి అతడికి తరువాత తెలిసింది. పాట ఈ సంగతి ఎత్తదు, పైగా ఫిలిప్స్ మీద గౌరవంతోనే సాగుతుంది. బహుమానమని చెప్పి జీతంలోంచి కోసుకున్న లెక్కలు నేను కార్మిక న్యాయస్థానంలో ఎన్నో చూశాను. కోత పడినవాడే ఆ యజమానిని చివరి వరకు అయ్యగారు అని పిలవడం కూడా చూశాను. ఆ గౌరవం భయం వల్ల కలిగినది కాదు, తనను మొదట గుర్తించినవాడు ఆయనే అన్న కృతజ్ఞత. ఫిర్యాదు కాగితంలో ఆ మాట రాయడానికి గడి ఉండదు.

తీగలపందిరి:

ఇదే దారిలో ఇస్బెల్ రాసిన ‘ద డే జాన్ హెన్రీ డైడ్’ కూడా వినవలసినది. సొరంగం తొలిచే ఆవిరి యంత్రంతో పందెం వేసి సుత్తితో గెలిచి, గెలిచిన చోటే కుప్పకూలిన జాన్ హెన్రీ కథ అమెరికా జానపదంలో అందరికీ తెలిసినది, ఎందరో పాడినది. ఇస్బెల్ వీరగాథ చెప్పడు. అతడు గెలిచినా ఓడినా ఒకటే, కూలి ఖర్చు ఎక్కువైంది కనుక పని చేసే పద్ధతి ఎలాగూ మార్చేసేవారని తేల్చేస్తాడు. పాతికేళ్లలోపు కుర్రవాడు ఇలా రాశాడంటే, చుట్టూ అటువంటి మనుషులను చూస్తూ పెరిగి ఉండాలి.

మూడోషిఫ్టు:

మీ చర్చ చదువుతూ నాకొక ఆలోచన వచ్చింది. నిన్న ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మా నాన్నగారికి ఆ నాలుగో పాట వినిపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, వినికిడి కూడా తగ్గింది. మిల్లులో మగ్గాల మధ్య అన్నేళ్లు పనిచేసినవారందరికీ ఉన్నదే. ఫోను చెవి దగ్గర పెట్టి, ఒక్కొక్క చరణం ఆపుతూ అర్థం చెప్పాను. హుడ్ గొంతు పగిలిన చోట, తాగి ఉన్నాడా అని అడిగారు. లేదు, ఏడుపు ఆపుకుంటున్నాడని చెప్పాను. మేరీ ఆలిస్‌కు మందు ఇప్పించలేకపోయిన చరణం దగ్గర మా అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. పాట అయిపోయాక ఆయన కాసేపు ఏమీ అనలేదు. తరువాత, ఆ ఫోర్డు కంపెనీ వాళ్లు అతడికి పి.ఎఫ్. డబ్బు కట్టారా అని అడిగారు.

పాటలో ఆ సంగతి లేదని చెప్పాను. మళ్లీ ఒకసారి పెట్టమన్నారు.